శుభలేఖ అచ్చయ్యేలోగా...

పెళ్లి కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్నారు. ఇక చూడండి హడావుడి! ముందు పంతులుగారింటికి పరుగు. ఆయన పంచాంగం తిరగేసి రెండు మూడు ముహూర్తాలు రాసిస్తారు. ఆ చీటీ పట్టుకుని ఫంక్షన్‌హాళ్ల చుట్టూ ప్రదక్షిణ. ఏ తేదీకి హాలు ఖాళీగా ఉంటే ఆ ముహూర్తమే దివ్యంగా ఉందని తేలిపోతుంది. తర్వాత వంటవాళ్లు, ఫొటోలు, వీడియో, మండపం, పట్టుచీరలు, బంగారం. అన్నీ అయ్యి, పెళ్లి ఇంకో పన్నెండు రోజులుందనగా ఏ మేనమామో అన్నం తింటూ తింటూ అడుగుతాడు... ‘అవును బావా, బ్యాండు మాట్లాడారా?’

అప్పటికి పెళ్లికూతురి తండ్రి జేబుకు పెద్ద చిల్లే పడి ఉంటుంది. ‘ఏదో ఒకటి, తక్కువలో చూడవయ్యా’ అనేసి మజ్జిగ పోసుకుంటాడు.

ఆ ‘ఏదో ఒకటి’ మీద బతికేవాళ్ల గురించే ఈ వారం. సన్నాయి మేళం, బ్రాస్‌ బ్యాండు, తీన్మార్‌ జట్టు, డీజే, ఆర్కెస్ట్రా, సంగీత్‌కు స్టెప్పులు నేర్పే మాస్టరు, రిసెప్షన్లో మైకు పట్టుకునే యాంకరు... పెళ్లికి సందడి తెచ్చేవాళ్లంతా ఈ లెక్కలోకే వస్తారు. వీళ్లది చిత్రమైన వ్యాపారం. కిరాణా కొట్టుకు ఒకటో తారీఖున వచ్చిన మనిషే మళ్లీ ఒకటో తారీఖున వస్తాడు. మంగలి షాపుకు నెలకోసారి అదే తల వస్తుంది. పెళ్లి బ్యాండును ఒకసారి పిలిచిన పెళ్లికొడుకు మళ్లీ పిలవడు. పిలవకూడదు కూడా! ఎంత బాగా వాయించినా ఆ గిరాకీ ఆ రాత్రితో సరి. మర్నాడు పొద్దున్నే కొత్త మనిషిని వెతుక్కోవాలి.

ఆ కొత్త మనిషి దొరికే సమయం కూడా బహు తక్కువ. పెళ్లి కుదరకముందు అతనికి బ్యాండుతో పనిలేదు. అయిపోయాక అసలే లేదు. తాంబూలాలకీ తలంబ్రాలకీ మధ్య ఉండే ఆ నెలా రెండు నెలలే అతను గిరాకీ. ఆ కాస్త సమయంలో అతనెవరో, ఎక్కడున్నాడో తెలుసుకుని, వేరేవాళ్ల కన్నా ముందు అతని చెవిన పడాలి. అదీ జేబు ఖాళీ కాకముందే. ఈ రంగంలో కష్టమంతా వాయించడంలో ఉందనుకుంటాం మనం. సగం కష్టం ఇక్కడే ఉంది.

పిలుపు దానంతటదే వచ్చిన రోజులు

ఒకప్పుడు ఈ వెతుకులాటే లేదు. ఊళ్లో సన్నాయి మేళం నాయీబ్రాహ్మణ కుటుంబాలది. ఏ ఇంట్లో పెళ్లయినా ఆ ఊరి మేళమే. పెళ్లివారు వెళ్లి తాంబూలం ఇచ్చి రావడమే బుకింగు. పంట వచ్చినప్పుడు కళ్లంలో కొలిచే మేర వాళ్ల జీతం. దాంట్లో చాకిరీ ఉంది, చిన్నచూపు కూడా ఉంది. దాన్ని బంగారుకాలం అని రాయడం నాకు ఇష్టం లేదు. కానీ ఒక్కమాట మాత్రం నిజం. పెళ్లి ఎవరింట్లో ఉందో మేళగాడు వెతుక్కోవాల్సిన అవసరం లేదు. పెళ్లే అతన్ని వెతుక్కుంటూ వచ్చేది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ముస్లిం కుటుంబాలు కూడా నాదస్వరాన్ని తరతరాలుగా పట్టుకున్నాయి. కరవదిలో 1924లో పుట్టిన షేక్‌ చినమౌలానా ఆ పరంపరలోంచి వచ్చినవారే. ఆయన తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన శిష్యులైన దంపతులు కలీషాబీ, షేక్‌ మహబూబ్‌ సుభానీలకు 2021లో అదే గౌరవం దక్కింది. కచేరీ వేదికల మీద అంత పేరు తెచ్చిన వాద్యం పెళ్లిపందిట్లో ఎక్కడుంటుందో చూడండి. వీడియోగ్రాఫర్‌ లైటు స్టాండు వెనక, ఓ మూల! అయినా ముహూర్తం వేళ పంతులుగారు చెయ్యి ఊపగానే గట్టిమేళం పడి తీరాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన, సూత్రధారణ సమయాన ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ చెవిన పడకూడదని కదా ఆ మోత. డీజే లేకుండా పెళ్లవుతుంది. గట్టిమేళం లేకుండా మాత్రం పంతులుగారు ఒప్పుకోరు. కనీసం సెల్‌ఫోన్లో రికార్డయినా పెట్టమంటారు. అలా పెట్టడం మొదలయ్యాకే మేళగాళ్లకు గుబులు పట్టుకుంది.

తర్వాత పట్నాల్లోకి ఇత్తడి బాకాలు దిగాయి. బ్రిటిష్‌ పటాలాల బ్యాండు చూసి మనవాళ్లు అందుకున్నదే ఈ బ్రాస్‌ బ్యాండు. ఎర్రకోటు, భుజాన బంగారు కుచ్చులు, నెత్తిన టోపీ... వేషం కూడా పటాలానిదే. మన వీధిలో మోగే ట్రంపెట్లు, యూఫోనియంలు చాలావరకు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌ నుంచి వచ్చినవే. అక్కడి జాలీ కోఠీ అనే పేట వాటి తయారీకి పెట్టింది పేరు. 1885 నుంచీ బ్యాండు వాద్యాలు చేస్తున్న నాదిర్‌ అలీ కంపెనీ ఆ ఊరిదే. ఇటు హైదరాబాద్‌లో మర్ఫా ఉండనే ఉంది. నిజాం కొలువులో పనిచేసిన అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు తెచ్చిన దరువు అది. బార్కస్‌లో, ఏసీ గార్డ్స్‌లో పుట్టి పెరిగిన ఆ తీన్మార్‌ ఇప్పుడు ఏ మతం పెళ్లికైనా, ఏ ఊరి బరాత్‌కైనా కావాల్సిందే.

ముగ్గురు మనుషులు... మూడు దారులు

ఈ వ్యాపారంలో దిగే కుర్రాళ్లు మొదట తడబడేది ఒకేచోట. పెళ్లంటే పెళ్లికొడుకూ పెళ్లికూతురే కదా, వాళ్లని పట్టుకుంటే చాలనుకుంటారు. పట్టుకుంటారు కూడా. ‘మా నాన్నగార్ని అడిగి చెప్తానన్నా’ అంటాడు పెళ్లికొడుకు. అంతే సంగతులు.

తెలుగువారి పెళ్లిలో డబ్బిచ్చేది ఒకరు, ‘సరే’ అనేది ఇంకొకరు, ఎగిరేది మరొకరు. సన్నాయి మేళం సంగతి పెద్దవాళ్లది. అది సాధారణంగా పంతులుగారి నోటి మాట మీద ఖాయమవుతుంది. అందుకే మేళగాళ్లు పురోహితులతో సఖ్యంగా ఉంటారు. బరాత్‌ సంగతి పెళ్లికొడుకు స్నేహితులది. ‘మామా, మొన్న ఫలానా వాడి పెళ్లిలో వచ్చిన బ్యాండే కావాలి’ అని పట్టుబట్టేది వాళ్లే. తండ్రి లబోదిబోమంటూ ఒప్పుకుంటాడు. ఇక సంగీత్‌... అది పూర్తిగా ఆడపిల్లల రాజ్యం. పెళ్లికూతురు, ఆమె చెల్లెళ్లు, పిన్ని కూతుళ్లు, ఆఫీసు స్నేహితురాళ్లు. ఉత్తరాది నుంచి వచ్చిన ఈ వేడుక మన పెళ్లిళ్లలో పాతుకుపోయాక, పెళ్లిజంట తమంతట తాము ఎంచుకునే సందడి అంటూ ఒకటి తయారైంది.

కాబట్టి దారి కూడా మూడు రకాలు. పెద్దవాళ్లను చేరాలంటే పంతులుగారు, హాలు మేనేజరు, వంటమేస్త్రి. స్నేహితులను చేరాలంటే ఈ రాత్రి బరాత్‌లో ఎగిరేవాళ్లే రేపటి గిరాకీ అని గుర్తుపెట్టుకోవాలి. వాళ్లలో ఇద్దరు ముగ్గురికైనా ఏడాదిలో పెళ్లవుతుంది. బ్యాండువాళ్ల పెద్ద డ్రమ్ము మీద పేరు, ఊరు, ఫోన్‌ నంబరు అంత లావున ఎందుకు రాసి ఉంటుందనుకున్నారు? ఎగిరి ఎగిరి అలసి, పక్కన నిలబడి నీళ్లు తాగే కుర్రాడి కంటికి ఆనాలని! తెలివైన మేస్త్రి ఫోను మారుస్తాడుగానీ నంబరు మార్చడు. ఎవరి పెళ్లి వీడియోలోనో ఆ డ్రమ్ము కనిపిస్తే చాలు, మూడేళ్ల తర్వాతైనా ఫోన్‌ మోగుతుంది.

ఆడపిల్లలను చేరే దారి ఇంకోటి. పెళ్లికూతురు బ్లౌజులకు మగ్గం వర్కు ఇచ్చేది పెళ్లికి చాలా ముందు. మెహందీ పెట్టే అమ్మాయిని మాట్లాడుకునేది ముందే. పెళ్లికి ముందు ఫొటోషూట్‌ తీసే ఫొటోగ్రాఫర్‌ అయితే జంటతో రోజంతా తిరుగుతాడు. ఆ ఖాళీలో ‘సంగీత్‌ పెట్టుకుంటున్నారా?’ అన్న మాట సహజంగానే వస్తుంది. అక్కడ ఫొటోగ్రాఫర్‌ ఎవరి పేరు చెబితే వాళ్లదే ఆ కార్యక్రమం. కొందరు డీజేలు తమ లైట్లను ఫొటోలకు అనువుగా పెడతారు. ఆ సాయం ఊరికే పోదు. ఫొటోగ్రాఫర్‌ చెప్పే పేరు వాళ్లదే అవుతుంది.

ఇక్కడ శుభలేఖ సంగతి చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో ఛత్తాబజార్‌ లాంటి చోట్ల, జిల్లాల్లో బస్టాండు పక్క ప్రెస్సుల్లో, ఎవరింట్లో పెళ్లో అందరికన్నా ఖాయంగా తెలిసేది శుభలేఖలు అచ్చు వేసేవాళ్లకే. పాతకాలం మేస్త్రీలు సాయంత్రం పూట ప్రెస్సులో కూర్చుని టీ తాగి వచ్చేది ఊరికే కాదు. కాకపోతే శుభలేఖ అచ్చయ్యాక తెలిస్తే లాభం సగమే. ‘రాత్రి 7 గంటలకు సంగీత్‌’ అన్న లైను కార్డులోకి ఎక్కిందంటే ఆ వేడుకకు డబ్బు పక్కన పెట్టినట్లే. ఎక్కలేదంటే అంతే... ‘ఏదో ఒకటి’ కోటాలోకి పోయినట్లే. అందుకే చేరాల్సింది ప్రూఫు దిద్దకముందు.

ఈమధ్య ఇంకో అడ్డదారి వచ్చింది. పెళ్లి సంబంధాలు చూసుకునేవాళ్ల ఫోన్‌ నంబర్లు చేతులు మారుతున్నాయి. నిశ్చితార్థం మర్నాటి నుంచీ పెళ్లికూతురి తండ్రికి ఫోన్లే ఫోన్లు. కేటరింగు వాళ్లమండీ, డీజే వాళ్లమండీ అని. అలా వచ్చిన ఫోనుకు పెళ్లివారు ఎలా జవాబిస్తారో చెప్పక్కర్లేదు. నోటిమాట మీద నడిచే పనిలో కొన్న జాబితా నాకు ఎంతమాత్రం ఆనదు.

పదివేలు ఎటు పోయాయి?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. హాలు అందరికన్నా ముందు బుక్‌ అవుతుంది కాబట్టి పెళ్లివారు మొదట కలిసే మనిషి హాలు మేనేజరు. ‘బ్యాండు కూడా మేమే చూస్తామండీ, మీకెందుకు శ్రమ’ అంటాడు. పెళ్లివారికి ప్రాణం లేచొస్తుంది. కొన్ని హాళ్లలో అయితే వాళ్లు చెప్పిన డీజే తప్ప బయటివాళ్లు గేటు దాటకూడదు. ఆ మాట చెప్పినందుకు మేనేజరుకో వాటా. మధ్యలో ఈవెంట్‌ సంస్థ ఉంటే దానికింకో వాటా.

లెక్క కోసం ఓ అంకె అనుకుందాం. పెళ్లివారు బ్యాండుకు 30,000 రూపాయలు ఇచ్చారనుకోండి. మాట చెప్పినవాళ్లకు రెండు చోట్లా కలిపి 10,000 పోయింది. వ్యాను, జనరేటరు, డీజిలు 5,000. మిగిలింది 15,000. వాయించేవాళ్లు పదకొండుమంది, మేస్త్రికి రెండు వాటాలు. మొత్తం పదమూడు వాటాలు. ఒక్కో వాటా 1,150 రూపాయల చిల్లర. మధ్యవాళ్లు లేకుంటే అదే మనిషికి 1,900 పైన వచ్చేది.

ఇంతటితో అయిపోలేదు. పెళ్లివారు బేరమాడి 25,000కు దించారనుకోండి. మధ్యవాళ్ల వాటా తగ్గదు. డీజిలు తగ్గదు. మరి తగ్గేదేమిటి? మనుషులు! మేస్త్రి ఇద్దరు బాకావాళ్లను ఇంటి దగ్గరే వదిలేస్తాడు. వాళ్ల స్థానంలో ఎర్రకోటు తొడిగి, బూర నోటి దగ్గర పెట్టుకుని నడిచే కుర్రాణ్ని ఒకణ్ని తెస్తాడు. వాడికి వాయించడం రాదు. చీకట్లో, ఆ మోతలో, ఎవరు కనిపెడతారు? మనం ఐదువేలు మిగిలాయని సంబరపడతాం. తీసేసిన ఇద్దరిలో ఒకడు ఆ జట్టులో అందరికన్నా బాగా వాయించేవాడు కూడా కావచ్చు. అతను రెండు మూడు సీజన్లు చూసి, ఆటో కొనుక్కుంటాడు.

కమీషన్‌ మొత్తంగా పాపమని నేననను. పేరులేని కొత్త జట్టుకు మొదటి నాలుగు పెళ్లిళ్లు తెచ్చేది ఆ మేనేజరే. నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఆ వాటా ఎంతో పెళ్లివారికి తెలియదు. ‘బ్యాండుకు ముప్పైవేలు పోశాం, ఏం వాయించారు వీళ్లు!’ అని తిట్టు తినేది మాత్రం 1,150 తీసుకున్న మనిషి. బిల్లులో ఇది బ్యాండుకు, ఇది మాకు అని విడిగా రాస్తే పోయేదేముంది? పెళ్లివారైనా అడగొచ్చు. వీలుంటే మేస్త్రితో ఒక్కసారి నేరుగా మాట్లాడి, ఎంతమంది వస్తారు, ఏయే వాద్యాలు ఉంటాయి అని కాగితం మీద రాయించుకోవచ్చు.

మూఢం వస్తే మూగనోము

ఏడాదికి 365 రోజులున్నా ఈ పనికి అన్నీ పనికిరావు. ఆషాఢం శూన్యమాసం. భాద్రపదం, పుష్యం అంతే. శుక్రుడో గురుడో సూర్యుడికి దగ్గరగా వచ్చి కనిపించకుండా పోతే మూఢం. 2024 సంగతి బ్యాండువాళ్లను అడిగితే నిట్టూరుస్తారు. ఏప్రిల్‌ నెలాఖరున శుక్ర మూఢం మొదలైంది. మే నెలలో దానికి గురు మూఢం తోడైంది. రెండూ వదిలేసరికి ఆషాఢం తయారు. మళ్లీ భజంత్రీలు మోగింది ఆగస్టులో, శ్రావణం వచ్చాకే. వైశాఖం, జ్యేష్ఠం అంటే ఈ రంగానికి పంట చేతికొచ్చే కాలం. ఆ పంట పంటంతా ఎండిపోయింది. అంతకుముందు 2020లో లాక్‌డౌన్‌. పెళ్లికి 50 మందికి మించకూడదన్నారు. ఆ యాభైలో బ్యాండువాళ్లకు చోటెక్కడ?

అందుకే లోకం తెలిసిన మేస్త్రి దగ్గర ఒక్క పంచాంగమే ఉండదు. చర్చి పెళ్లిళ్లకు మూఢం లేదు, ఆషాఢం లేదు. వాళ్లు ఆగేది ఈస్టరు ముందు శ్రమల కాలంలో. ముస్లిం పెళ్లిళ్లు మొహర్రం నెలలో, రంజాన్‌ ఉపవాసాల్లో చాలావరకు ఉండవు. ఈ మూడు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుంటే ఖాళీ నెలలు కొన్నైనా నిండుతాయి. పాస్టరుగారితో, కాజీగారితో పరిచయం కూడా పంతులుగారితో పరిచయమంత విలువైనదే.

మూఢంలో పస్తులైతే, మంచి ముహూర్తం నాడు ఇంకో తంటా. ఊరంతా పెళ్లిళ్లే. ఒక్క బ్యాండుకు ఒకే రాత్రి ఐదు పిలుపులు. కాదంటే ఆ ఐదుగురూ, వాళ్ల చుట్టాలూ మరో బ్యాండు నంబరు రాసుకుంటారు. అందుకని మేస్త్రి అన్నింటికీ ఒప్పుకుని, ఉన్న జట్టును ముక్కలు చేసి, పక్క ఊళ్ల నుంచి మనుషులను తెచ్చి అతికిస్తాడు. వీడియోలో మీరు చూసి ముచ్చటపడిన క్లారినెట్‌ ఆయన ఆ రాత్రి వేరే వీధిలో ఉంటాడు. మీ వీధిలో నడిచేది అతుకుల జట్టు. కోటు అదే, డ్రమ్ము మీద పేరూ అదే. పెళ్లివారికి తేడా ఏమిటో తెలియదుగానీ, ఏదో కుదరలేదని మాత్రం తెలుస్తుంది. అతిథులకూ తెలుస్తుంది. రేపటి గిరాకీలు వాళ్లే కదా! అందుకే ఎదగాలనుకునేవాడు ఆ రోజు రెంటికి మించి ఒప్పుకోకూడదు. చెప్పినంత తేలిక కాదనుకోండి. ముందు మూడు నెలల మూఢం ఉందని తెలిసిన మనిషికి ఐదో పిలుపును వదులుకోవడం ఎంత కష్టమో!

ఒక్క వీడియో, లక్ష శుభలేఖలు

2021 ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఓ పెళ్లికూతురు బరాత్‌లో ‘బుల్లెట్టు బండి’ పాటకు పెళ్లికొడుకు ముందు డ్యాన్స్‌ చేసింది. ఎవరో ఫోన్లో తీసి పెట్టారు. రాష్ట్రమంతా చూసింది. ఆ సీజన్లో ఆ పాట లేని బరాత్‌ లేదు. పెళ్లికూతురు తలవంచుకుని కారులో కూర్చోవాల్సిన పనిలేదని ఊళ్లకు ఊళ్లకే తెలిసిపోయింది. అప్పటి నుంచీ ‘పెళ్లికూతురి ఎంట్రీ’ అన్నది రేటు కార్డులో విడి లైనయింది.

ఇప్పుడు జంటలు బ్యాండును వెతికేది ఫోన్లో, రీల్స్‌లో. అయితే చాలామంది పెట్టే రీల్స్‌లో ఏముంటుంది? పొగ, రంగుల లైట్లు, ఎగిరే పటాసులు. అవి అందరి దగ్గరా ఉన్నాయి. చూసే అమ్మాయికి కావాల్సింది వేరు. మా పెద్దమ్మ సిగ్గుపడకుండా డ్యాన్స్‌ చేస్తుందా? మా నాన్న నవ్వుతాడా? అరవై ఏళ్ల బాబాయి చేత స్టెప్పు వేయించిన మాస్టరు వీడియో చూసి మరో ఇంటి పిల్ల ఫోన్‌ చేస్తుంది. ‘సీతారామ కల్యాణం’ (1961), ‘మురారి’ (2001) పెళ్లి పాటలు ఇప్పటికీ ప్రతి పందిట్లో మోగుతున్నాయంటే కారణం అదే. ఆ పాట రాగానే నానమ్మ కూడా చప్పట్లు కొడుతుంది. ఒక్క సంగతి మరిచిపోకూడదు. ఆ వీడియో పెట్టేముందు ఆ ఇంటివాళ్లను అడగాలి. పెద్దమ్మ డ్యాన్సు ఊరంతా చూడటం పెద్దమ్మకు ఇష్టముండాలి కదా.

పది దాటితే...

పోలీసుల సంగతికొస్తే, 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కుదరవు. 2010 సవరణలో వాద్యాలను కూడా చేర్చారు. తలుపులు మూసిన హాల్లోపల వేరే సంగతి. రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా 12 గంటల దాకా సడలింపు ఇవ్వొచ్చు. అది పండుగలకూ సాంస్కృతిక సందర్భాలకూ ఇచ్చేది, మన ఇంటి పెళ్లికి కాదు. 2005 జులైలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టిగానే చెప్పింది. నివాస ప్రాంతంలో రాత్రి హద్దు 45 డెసిబెల్స్‌. మనం ఇంట్లో మాట్లాడుకుంటేనే అంతకన్నా ఎక్కువవుతుంది.

మరి మన బరాత్‌ కదిలేదెప్పుడు? పదిన్నరకు! పెళ్లికొడుకు మేకప్పు, స్నేహితుల ఆలస్యం, బంధువుల భోజనాలు... అన్నీ అయ్యాక. పోలీసు జీపు రాగానే పెళ్లివారు పక్కకు తప్పుకుంటారు. బాక్సులు, మిక్సరు, వ్యాను స్టేషన్‌కు వెళతాయి. అప్పు చేసి కొన్నవి. అవి విడిపించుకునేదాకా డీజే కుర్రాడికి తర్వాతి బుకింగులు కూడా గల్లంతే. అందుకే కొందరు ‘పది తర్వాత ఆరుబయట వాయించం, ఆలస్యం మీదైతే డబ్బు తిరిగివ్వం’ అని ముందే రాయించుకుంటున్నారు. మంచి పద్ధతి.

ఇంకో బెదిరింపు కూడా ఉంది. పెళ్లిలో సినిమా పాటలు వేశారు, లైసెన్సు డబ్బు కట్టండంటూ హోటళ్లకు వచ్చేవాళ్లు. కాపీరైట్‌ చట్టం 52వ సెక్షన్లో పెళ్లి ఊరేగింపుకూ, పెళ్లితో ముడిపడిన వేడుకలకూ మినహాయింపు ఉంది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వ శాఖ ఆ మాటే చెబుతూ ప్రకటన ఇచ్చింది. ఎవరైనా అడిగితే ఆ సంగతి చెప్పొచ్చు.

తెల్లవారుజామున బాకీ

బయానా తేలిగ్గానే వస్తుంది. చిక్కంతా మిగతా డబ్బుతోనే. బరాత్‌ అయ్యేసరికి అర్ధరాత్రి. ‘పొద్దున ఇస్తాం’ అంటారు. పొద్దున అప్పగింతలు. ఆడపిల్ల తండ్రి కళ్లు తుడుచుకుంటుంటే, ‘అయ్యా, మా పన్నెండు వేలు’ అని ఏ నోటితో అడుగుతాడు మేస్త్రి? అక్కడి నుంచి ‘బాబాయిని అడుగు’, ‘బావమరిది దగ్గరుంది’, ‘వచ్చే వారం రా’... అనుభవం ఉన్నవాళ్లు బరాత్‌ కదలకముందే మొత్తం తీసుకుంటారు. కొత్తవాళ్లు మొహమాటపడతారు.

ఈ మొహమాటం లేనిది విదేశాల్లో స్థిరపడిన పిల్లల పెళ్లిళ్లలోనే. అమెరికాలో ఉన్న జంట అయితే బ్యాండును వీడియోకాల్‌లో వాళ్లే మాట్లాడతారు. అక్కడ డీజేకు ఒప్పందపత్రం, డిపాజిట్టు, అదనపు గంటకు అదనపు డబ్బు మామూలే. ఇక్కడ కూడా అదే అడుగుతారు, చెప్పిన రోజుకు పంపిస్తారు. ఆ పెళ్లిళ్ల చిక్కల్లా తేదీలతోనే. వాళ్లకు సెలవులు దొరికేది డిసెంబరు ఆఖర్లో. ఇక్కడ అప్పటికి ధనుర్మాసం! మార్గశిరం చివర్లో పంతులుగారు ఎలాగోలా ఒక ముహూర్తం లాగితే, అలాంటి జంటలన్నీ ఆ ఒక్కరోజు మీదే పడతాయి. మేస్త్రికి మళ్లీ ఐదు పిలుపులు.

ఆషాఢంలో బ్యాండువాళ్ల వీధికి వెళ్లి చూడండి. డోళ్లకు కొత్త చర్మాలు బిగిస్తుంటారు. ఎర్రకోట్లకు ఊడిన కుచ్చులు కుడుతుంటారు. సొట్టపడ్డ బాకాను ఒకాయన గుడ్డ చుట్టిన సుత్తితో మెల్లగా సరిచేస్తుంటాడు. అరుగు మీద క్లారినెట్‌ ఆయన కొత్త సినిమా పాటను ఫోన్లో వింటూ, ఆపుతూ, మళ్లీ వింటూ సాధన చేస్తుంటాడు. పక్కన ఆయన కొడుకు పెద్ద డ్రమ్మును ఒళ్లో పెట్టుకుని, చెరిగిపోయిన ఫోన్‌ నంబరు మీద తెల్లరంగు కుంచెతో దిద్దుతుంటాడు. శ్రావణం మొదటి ముహూర్తానికి రంగు ఆరాలి కదా!